దాపటి మొగ్గ

ఆగస్టు 20, ఆదివారం

ఈ పేజీ మీద శుక్రవారం అని అచ్చయి ఉంది. ఎరువుల దుకాణం వాళ్లు రెండేళ్ల కిందట ఊరికే ఇచ్చిన డైరీ, దీంట్లో వారాలన్నీ తప్పు. తప్పయితే ఏం, రాసేది నేనే, చదివేది నేనే. బియ్యం డబ్బా వెనుక దాచుకుంటే మా ఆయన చేయి కూడా తగలదు. ఈ ఇంట్లో బియ్యం ఎక్కడ ఉంటాయో ఆయనకు పెళ్లయిన నాటి నుంచి తెలియదు.

ఒక మాట కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. దాన్ని ఇక్కడ దించుకుంటాను.

మొన్న దామోదర్ పటేలు చేను గట్టు మీద నన్ను పిలిచి ఒక కాగితం ఇచ్చాడు. విత్తన కంపెనీ వాళ్లు అడిగారట. ఆయన సీడు పత్తి చేలో క్రాసింగ్ చేసే, అంటే విత్తనం కోసం పువ్వుకు పువ్వు కలిపే, ఇరవై ఇద్దరు ఆడవాళ్ల పేర్లు రాయాలి, వయసు రాయాలి, పక్కన 'పని రకం' అని ఒక గడి. మాలో పదో తరగతి పాసైంది నేనొక్కదాన్నే కాబట్టి పెన్ను నా చేతికి వచ్చింది. గడిలో ఏం రాయమంటావు పటేలా అని అడిగాను.

"ఏముంటది స్వర్ణా? నైపుణ్యం లేని పని అని రాయి. అందరికి అదే" అన్నాడు ఫోన్ చూసుకుంటూ.

రాశాను. ఇరవై రెండు సార్లు రాశాను. నా పేరు పక్కన కూడా రాశాను, గుండ్రంగా, అందంగా. నా దస్తూరి ముత్యాల్లా ఉంటుందని బడిలో సారు మెచ్చుకునేవాడు. ఆ ముత్యాలు ఇందుకు పనికొచ్చాయి.

ఇవాళ మా ఆయన షాద్‌నగర్ నుంచి వచ్చాడు. అక్కడ ఒక కంపెనీ గేటు దగ్గర కాపలా ఉంటాడు. ఉతకడానికి చొక్కా తీస్తే జేబులో జీతం చీటీ కనిపించింది. అందులో 'సెమీ స్కిల్డ్' అని ఉంది. గేటు తీయడం, గేటు మూయడం సగం నైపుణ్యం అట.

"సగమన్న ఉన్నది గద నాకు" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. కోడికూర మాడింది. మాడిందే తిన్నాడు.

ఆగస్టు 21

పటేలు ఈసారి ఆ మాట అంటే ఏం చెప్పాలో మనసులో కూడబలుక్కుంటున్నాను. మరిచిపోకుండా రాసుకుంటాను.

పటేలా, మధ్యాహ్నం రెండు దాటాక మేము ఆడ వరుసల్లోకి దిగుతాం. వంద మొగ్గల్లో రేపు పొద్దున విచ్చేది ఏదో కంటితోనే పట్టుకుంటాం. బొటనవేలి గోటితో మొగ్గ మొదట్లో గీత పెట్టి, రెక్కలనూ, లోపల పుప్పొడి ఉన్న గొట్టాన్నీ కలిపి ఒక్క మెలితో లాగేస్తాం. నడుమ సన్నటి కాడ, దాని కింద శనగగింజంత పిందె, అవి మాత్రం చెక్కు చెదరకూడదు. గోరు లోతుకు దిగిందా, పిందె రాలిపోతుంది. పైపైన పోయిందా, పుప్పొడి మిగులుతుంది, ఆ పువ్వు తనలో తానే కలిసిపోయి విత్తనం కల్తీ అవుతుంది. ఒలిచిన దానికల్లా ఎవరి రంగు దారం వాళ్లం కడతాం, నాది నీలం. తెల్లవారి ఎనిమిదింటికి మగ వరుసల్లోని పూలు తెచ్చి ఆ కాడల మీద రుద్దుతాం. నువ్వు చూసేది ఆ రుద్దడం ఒక్కటే పటేలా, ఎందుకంటే నువ్వు లేచి చేనికి వచ్చేది తొమ్మిదింటికి.

బాగుంది. ఇంత పొడుగు మాట ఆయన ముందు నా నోట రాదు, అది నాకు తెలుసు.

ఆయనకు చెప్పలేనిది ఇంకొకటి ఉంది. పత్తి పువ్వు విచ్చిన పూట మీగడ రంగులో ఉంటుంది, మరునాటికి గులాబీ రంగుకు తిరుగుతుంది. అటు గులాబీవి, ఇటు మీగడవి, నడుమ నేను. ఆ వేళ నాకు నిద్ర పట్టినట్టే ఉంటుంది, కానీ మేలుకునే ఉంటాను. చేతులు వాటంతట అవి పోతుంటాయి. నేను మాత్రం ఒకసారి బడిలో ఉంటాను, ఒకసారి చచ్చిపోయిన మా అవ్వ పక్కన ఉంటాను, ఒకసారి ఎక్కడా ఉండను. సాలు చివరికి వచ్చి వెనక్కి తిరిగితే వరుసంతా నీలం దారాలు ఊగుతుంటాయి. ఇవన్నీ కట్టింది నేనేనా అనిపిస్తుంది.

ఆగస్టు 23, బుధవారం

అడిగేశాం. మల్లీశ్వరి ముందు నిలబడింది. మా గుంపుకు నోరు ఆమెదే.

"మూడు వందలకు ఇగ మాతోని కాదు పటేలా. మందు కొట్టే మగోళ్లకు ఐదు వందలిస్తున్నవ్. మాకు నాలుగు వందలన్న ఇయ్యి."

"మందు కొట్టుడంటే మోత మోసుడు, ఇసం పీల్చుడు. మీదేంది? పూలు రుద్దుడు. గది గూడ ఒక పనేనా? ఎవ్వరొచ్చినా చేస్తరు."

"అయితే ఎవ్వరినన్న తెచ్చుకో మల్ల."

నేను కూడబలుక్కున్న మాటలు గొంతు దాకా వచ్చాయి. సరిగ్గా అప్పుడే పటేలు నా వైపు తిరిగాడు.

"నన్నేమంటరే? నైపుణ్యం లేదని కాగితం మీద రాసింది మీ స్వర్ణనే గద. అడుగుండ్రి."

ఇరవై ఒక్క మంది నన్ను చూశారు. టిఫిన్ డబ్బాలు తీసుకుని అందరం ఇంటి దారి పట్టాం. దారి పొడుగునా అందరూ నాకు నాలుగడుగులు ముందే నడిచారు. తిట్టినా బాగుండేది.

ఆగస్టు 25

పనికి పోక రెండు రోజులు. పొద్దున లేచి చూస్తే దుప్పటి అంచు పోగులు పోగులుగా ఊడి ఉంది. నిద్రలో ఒలిచాను కాబోలు.

కల గుర్తుంది. చేనంతా తెల్లటి కాగితాలు పూశాయి. ఒక్కో కాగితం మీద ఒక గడి. ప్రతి గడినీ గోటితో గీరుతున్నాను, లోపలి నుంచి పసుపు రాలుతోంది. చేతులకంతా అంటుకుంది, ఎంత కడిగినా పోదు. కలలోనే సంతోషంగా ఉంది.

ఆగస్టు 27, ఆదివారం

పటేలు మా ఇంటికి వచ్చాడు. మంచం వేస్తే కూర్చోలేదు. కల్వకుర్తి నుంచి పదిహేను మంది ఆడవాళ్లను ఆటోల్లో తెస్తున్నాడట. రెండు వందల యాభైకి ఒప్పుకున్నారట.

"ఒక్క పూటొచ్చి చూపియ్యి చెల్లె. ఐదు నిమిషాల పని. నీకు వెయ్యి ఇస్త" అని రెండు నోట్లు గూట్లో పెట్టి పోయాడు.

ఐదు నిమిషాల పనికి వెయ్యి ఎందుకు పటేలా అని అడగాల్సింది. ఆయన బండి మలుపు తిరిగాక తోచింది. నాకు మంచి మాటలన్నీ మనిషి పోయాకే తోస్తాయి.

ఆయన వెనుకే మల్లీశ్వరి వచ్చింది. ఊళ్లో ఏ ఇంటికి ఎవరు వచ్చారో ఆమెకు వాసన తగులుతుంది.

"పోతవా? పో. పోయి మా అందరి నోట్లె మన్ను కొట్టు. కాగితం రాసి సగం కొట్టినవ్, ఇగ మిగిలింది గూడ కొట్టు."

"పోత. గని నేర్పుడు నా చేతుల ఉంటది గద వదినా" అన్నాను.

మల్లీశ్వరి నా మొహంలోకి చూసింది. తర్వాత నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ నవ్వు గురించి రాయను.

ఆగస్టు 28, సోమవారం

చూపించి వచ్చాను. మొగ్గ చూపించాను, గోరు పెట్టే చోటు చూపించాను, మెలి చూపించాను, దారం ముడి చూపించాను. పదిహేను మందీ ఊ కొట్టారు. వాళ్లలో అఫ్రీన్ అని ఒక పిల్ల ఉంది, ఇరవై రెండేళ్లుంటాయి, ఇంటర్ చదివిందట. నా చేయి పక్కకు తన చేయి తెచ్చి పెట్టుకుని మరీ చూసింది. పొద్దు గూకేసరికి నన్ను 'ఉస్తాదక్కా' అని పిలవడం మొదలుపెట్టింది. ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అలా పిలవలేదు.

ఒక్క సంగతి చెప్పడం మర్చిపోయాను.

పత్తి మొగ్గలో రెక్కలు ఒకదాని మీద ఒకటి చుట్టుకుని ఉంటాయి. కొన్నిటి చుట్టు కుడికి, కొన్నిటి చుట్టు ఎడమకు, దాదాపు సగానికి సగం. మా అవ్వ బక్కమ్మ వాటిని కాడికి కట్టిన ఎడ్ల పేర్లతో పిలిచేది. కుడిది వలపటిది, ఎడమది దాపటిది. చుట్టు ఎటుంటే మెలి అటే పోవాలి, అప్పుడు మొత్తం ఒక్కటిగా ఊడి వస్తుంది. ఎదురు తిప్పితే లోపల చిరిగి, మొదట్లో పుప్పొడి ఉంగరంలా మిగులుతుంది. పైకి కనిపించదు. తెల్లవారి అది లోలోపలే విచ్చి విత్తనాన్ని పాడు చేస్తుంది.

ఇవాళ నా చేతికి వచ్చినవన్నీ వలపటివే. కావాలని ఏరలేదు, అవే వచ్చాయి. దాపటి సంగతి మర్చిపోయాను. ఇరవై నాలుగేళ్ల నుంచి చేతిలోనే ఉన్న సంగతి, నోటికి ఎలా గుర్తొస్తుంది?

ఆగస్టు 29

మర్చిపోయాను.

ఆగస్టు 31

రాత్రి పడిన వానకు పొద్దున చేల మీద పొగమంచు. పని లేకపోయినా కాళ్లు అటే పోయాయి. పటేలు చేలో కల్వకుర్తి వాళ్లు మంచులో నడుముల దాకే కనిపిస్తున్నారు. అఫ్రీన్ అందరికంటే ముందు పోతోంది. ఆమె దారం పచ్చది. మంచు విడిపోతున్న కొద్దీ పచ్చ దారాలు బయటికి వస్తున్నాయి, ఒక్కటీ వంకరగా లేదు. నన్ను చూసి చేయి ఊపి అరిచింది.

"ఉస్తాదక్కా! నిన్న ఏడు వందలు ఒలిసిన!"

నేను కూడా చేయి ఊపాను. తర్వాత ఆ చేతిని కొంగు కింద పెట్టుకున్నాను.

నేనూ ఇలాగే మురిసేదాన్ని. మా అవ్వ నన్ను ఈ పనిలో పెట్టినప్పుడు నాకు పదేళ్లు. అప్పట్లో చిన్న చేతులే కావాలనేవాళ్లు, ఇప్పుడు కంపెనీ వాళ్లు వయసు అడుగుతున్నారు, మంచిదే. అవ్వ తన కొంగుతో నా కళ్లకు గంత కట్టి, మొగ్గ చేతిలో పెట్టేది. ఏమీ చెప్పేది కాదు. తప్పు తిప్పితే వేలి మీద చిన్నగా కొట్టేది. ఆరో రోజుకు చీకట్లోంచి మొగ్గలే నాతో మాట్లాడినట్టయింది. ఇటు, అటు, ఇటు, ఇటు.

సెప్టెంబర్ 2

నిజంగానే మర్చిపోయాను. ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను. ఎవరూ అడగలేదు.

సెప్టెంబర్ 7, గురువారం

కంపెనీ నుంచి ఆఫీసరు వచ్చాడు. పటేలు మా పాతవాళ్లను కూడా గట్టు మీదికి రమ్మని ఫోన్ చేశాడు. పోయేసరికి కల్వకుర్తి వాళ్లంతా ఒక వరుసలో నిలబడి ఉన్నారు. ఆఫీసరు సూదితో పూల మొదళ్లు చీల్చి భూతద్దంతో చూస్తున్నాడు. పది చూస్తే నాలుగింట్లో, ఐదింట్లో పుప్పొడి ఉంగరం. అందరి దారాల్లోనూ ఉంది. కానీ ఎక్కువ ఒలిచింది అఫ్రీన్ కాబట్టి అతని చేతికి ఎక్కువగా వచ్చింది పచ్చ దారమే.

ఈ పది రోజులు కట్టిన దారాలన్నీ తెంపి పారేయాలన్నాడు. ఇంకోసారి ఇలాగైతే ఈ చేను విత్తనమే కొనబోమన్నాడు. అతను కారెక్కాడో లేదో పటేలు అఫ్రీన్ మీద పడ్డాడు.

"ఇంటర్ సదివినవంటివి! పూలు రుద్దుడు గూడ రాలేదా నీకు? ఉత్త ఖరాబ్ చెయ్యి నీది."

చిరిగిన పూలను, పచ్చ దారాలను, వెనుక నిలబడ్డ ఆమెను కలిపి ఫోటో తీశాడు. సీడు రైతుల ఫోన్ గ్రూపులో పెట్టాడు, పేరుతో సహా. వీళ్లను పనికి పిలవొద్దని రాశాడు. ఇంక కల్వకుర్తి చుట్టుపక్కల ఏ చేనూ ఆమెను పిలవదు.

అఫ్రీన్ ఏడవలేదు. నా వైపు చూసింది. నేను దొంగకు తేలు కుట్టినట్టు గట్టు మీది గరికను చూస్తూ నిలబడ్డాను.

ఆటోలు పోయాక పటేలు మా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "రేపటి సంది మీరే రాండ్రి. మూడు వందల ఎనభై ఇస్త." మల్లీశ్వరి నా నడుము గిల్లింది. "నవ్విన నాపచేనే పండుతది బిడ్డా! నాలుగు వందల కాడికి గుంజుక రాకపోతే నా పేరు మల్లీశ్వరే గాదు" అంది చెవిలో.

గెలిచాం.

రాసి చూసుకున్నాను. దస్తూరి బాగానే ఉంది.

సెప్టెంబర్ 9, శనివారం

మధ్యాహ్నం గట్టు మీద తిని అలాగే ఒరిగాను. అవ్వ వచ్చి నా కళ్లకు గంత కట్టింది. కొంగుకు అదే వాసన, పొగాకూ మట్టీ. చేతిలో మొగ్గ పెట్టింది. తిప్పబోతే కొట్టింది. ఇంకో దిక్కు తిప్పబోయాను, మళ్లీ కొట్టింది. ఎటు తిప్పాలే అవ్వా అని ఏడ్చాను. గంత విప్పి చూస్తే చేతిలో ఉన్నది మొగ్గ కాదు, అఫ్రీన్ వేలు.

నిజం రాస్తాను. ఇది నా డైరీయే కదా, దీనికి కూడా అబద్ధం చెబితే ఇంకెక్కడ దించుకోవాలి?

మర్చిపోలేదు. ఆ రోజు అఫ్రీన్ అడిగింది. మొదటి గంటలోనే ఒక మొగ్గ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "అక్కా, గిది ఇంకో దిక్కు సుట్టుకున్నది సూడు. దీన్ని గూడ గట్లనే తిప్పాల్నా?" అంది. అవ్వ ఆరు రోజులు గంత కట్టి నాకు నేర్పినదాన్ని ఆ పిల్ల గంటలో కంటితో పట్టుకుంది. నాకు భయమేసింది. కుళ్లు కూడా పుట్టింది. మల్లీశ్వరి నవ్వు గుర్తొచ్చింది.

"ఏ దిక్కయితేంది, నేను చెప్పినట్టు తిప్పు" అన్నాను.

ఆమె నన్ను నమ్మింది. తన కంటిని కాదని నా మాట విన్నది. రోజుకు ఏడు వందల మొగ్గలు నా మాట మీద తిప్పింది.

నైపుణ్యం లేదు అని పటేలు నన్నన్నాడని కడుపు మండి, ఆ మాటనే తీసుకుపోయి ఆ పిల్ల నెత్తిన రుద్దాను. ఛీ.

సెప్టెంబర్ 10, ఆదివారం

కల్వకుర్తి పోయాను. మా ఆయనకు చెప్పులు తెచ్చుకుంటానని చెప్పాను.

బస్టాండు వెనుక సందులో ఇల్లు. అఫ్రీన్ వాళ్లమ్మ ఇక్బాల్ బీ గడపలో కూర్చుని బొంత కుడుతోంది. ఎవరివో పాత చీరలు ఐదారు, పొరలు పొరలుగా ఆమె ఒళ్లో ఉన్నాయి. నేనెవరో తెలియక ముందే "కూసో బిడ్డ, చాయ్ తాగుతవా" అంది. కూర్చోకుండానే చెప్పాను. ఒక్క ఊపులో చెప్పాను, ఆగితే మళ్లీ రాదని.

ఇక్బాల్ బీ సూది ఆగిపోయింది. అఫ్రీన్ లోపలి నుంచి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది.

"నేనడిగిన గద అక్కా" అంది.

"అడిగినవ్."

"మూడు రోజుల సంది నా చెయ్యినే తిట్టుకుంటున్న. అన్నం తినేటప్పుడు గూడ సూసుకుంట. ఏం చెయ్యి ఇచ్చినవ్ అల్లా, పూలు రుద్దుడు గూడ రాదు దీనికి అని."

క్షమించమన్నాను. ఆ పిల్లకు అప్పుడు కోపం వచ్చింది, నిజం కోపం.

"మాఫీ నాకెందుకు? నేనేం చేసుకోవాలె? ఫోన్లల్ల నా పేరు తిరుగుతాంది. ఆడ చెప్పు. పటేల్ ముందట చెప్పు, మీ అందరి ముందట చెప్పు."

"చెప్తే మావోళ్ల కూలి పోతదేమో" అన్నాను. ఎంత సిగ్గులేని మాటో అన్నాకే తెలిసింది.

ఇక్బాల్ బీ దారం కొరికి తెంపింది. "నా బిడ్డ పేరు పోతె ఫికర్ లేదా?" అని మాత్రం అంది. ఆమె ఇచ్చిన చాయ్ తాగి వచ్చాను. తాగకుండా పోయే ధైర్యం కూడా లేకపోయింది.

తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించాను. రోడ్డుకు రెండు వైపులా పత్తి చేలు, మీగడ రంగు, గులాబీ రంగు. కళ్లు తెరిచేసరికి మా ఊరు దాటి రెండు ఊళ్లు పోయాను. దిగి వెనక్కి నడిచాను. చెప్పులు కొనలేదు.

సెప్టెంబర్ 11, సోమవారం

చెప్పాను.

రెండింటికి అందరం గట్టు మీద చేరాం. నేను కబురు పెడితే అఫ్రీన్ బస్సు దిగి నడిచి వచ్చి కొంచెం దూరంగా నిలబడింది. ఆమెను చూసి పటేలు మొహం చిట్లించాడు. నేను కూడబలుక్కున్నది ఏదీ గుర్తు రాలేదు, నోటికి వచ్చిందే చెప్పాను.

"ఆ పిల్ల చెయ్యి ఖరాబ్ కాదు పటేలా. నా నేర్పుడే ఖరాబ్. కావాల్ననే తప్పు చెప్పిన."

రెండు మొగ్గలు తెంపి అరచేతిలో పెట్టి చూపించాను. ఇది వలపటిది, ఇది దాపటిది. ఆ పిల్ల అడిగిన సంగతి, నేను చెప్పిన అబద్ధం, అంతా. మల్లీశ్వరి నెత్తి కొట్టుకుంది. "నోరు మూసుకుంటే ఏం బోయింది నీకు? రేపో ఎల్లుండో నాలుగు వందలు చేద్దునే!"

పటేలు మొహం మాత్రం వెలిగిపోయింది.

"అంటే గింతేనా! దిక్కు జూసి తిప్పుడేనా! గిది తెలిస్తే ఎవ్వడైనా చేస్తడు. దీనికేనా మీరు నాలుగు వందలడిగింది?"

మల్లీశ్వరి భయపడ్డది ఇదే. నేను భయపడ్డదీ ఇదే. అప్పుడు నా ఒళ్లు మండింది. నాకు మంచి మాటలు మనిషి పోయాక తోస్తాయని రాసుకున్నాను కదా, ఇవాళ మనిషి ఎదుట ఉండగానే తోచింది.

"ఇప్పుడు తెలిసింది గద పటేలా. దిగు. పది మొగ్గలు ఒలువు. దిక్కు నేనే చెప్త."

ఇంతమంది ఆడవాళ్లు చూస్తుంటే ఎలా తగ్గుతాడు? చొక్కా చేతులు మడిచి సాలులోకి దిగాడు. మొగ్గ నేనే చూపించాను. దాపటిది అన్నాను, ఎడమకే తిప్పాడు, పిందెతో సహా చేతికి వచ్చింది. వలపటిది అన్నాను, కుడికే తిప్పాడు, రెక్కలు చిరిగి గొట్టం అక్కడే ఉండిపోయింది. మూడోది నలిగింది. నాలుగోదానికి చెమట పట్టింది ఆయనకు. పది అయ్యేసరికి ఒక్కటి నిలబడింది, విప్పి చూస్తే దానికీ మొదట్లో పసుపు ఉంగరం ఉంది. మొదట నవ్వింది అఫ్రీన్. తర్వాత ఎవరు ఆగారు?

"ఎండ కంట్ల కొడ్తాంది" అన్నాడు పటేలు. ఆడలేక మద్దెల ఓడు.

"చెప్తే తెలుస్తది పటేలా, చేస్తేనే వస్తది" అన్నాను. గూట్లోంచి తెచ్చిన రెండు నోట్లు ఆయన చేతిలో పెట్టాను. "ఇగో, నీ ఐదు నిమిషాలు."

ఆయన తీసుకోలేదని రాస్తే బాగుంటుంది. తీసుకున్నాడు. అఫ్రీన్ ఆయన పక్కన నిలబడి ఫోన్ గ్రూపులో ఒక్కో మాట చెప్పి రాయించింది. 'తప్పు నేర్పినోళ్లది' అన్న మాట రెండుసార్లు రాయించింది. ఆ రెండోసారి నా కోసం.

కూలి మూడు వందల ఎనభై దగ్గరే ఆగింది. అఫ్రీన్‌ను కూడా పనిలో పెట్టుకుని అంతే ఇవ్వాలని నేను పట్టుబట్టాను. గొణిగాడు, ఒప్పుకున్నాడు. నాలుగు వందలు కాలేదు. పోతూ పోతూ మల్లీశ్వరి నా పక్కన ఆగింది.

"దినాం ఇరవై రూపాయలు, ఇరవై రెండు మందికి. గదీ నీ నోటి ఖరీదు. యాదుంచుకో" అంది.

ఉంచుకుంటాను.

సెప్టెంబర్ 13

మల్లీశ్వరి మాట్లాడదు. నీళ్ల బిందె నా పక్క నుంచి దాటించి ఇస్తుంది.

సెప్టెంబర్ 14, గురువారం

ఇవాళ కూడా అఫ్రీన్ చున్నీతోనే ఆమె కళ్లకు గంత కట్టాను. నాతో ఇంకా సరిగా మాట్లాడదు, ఉస్తాద్ అనడం లేదు. కానీ పనికి వస్తుంది, చేయి చాపుతుంది. మొగ్గ పెడతాను. తప్పు తిప్పితే వేలి మీద చిన్నగా తడతాను, అవ్వ లాగా కొట్టడానికి నాకు చేయి రాలేదు.

ఎండ మెత్తగా ఉంది. ఎక్కడో మేకల మెడల్లో గంటలు. ఆమె వేళ్లు మొగ్గ చుట్టూ నెమ్మదిగా తిరుగుతున్నాయి, ఆగుతున్నాయి, వింటున్నట్టు. చూస్తూ చూస్తూ నేను ఎటో పోయాను. ఆ చేతులు ఎవరివో తెలియలేదు. పదేళ్ల నావి కావచ్చు.

"దాపటిది" అంది గంత లోపలి నుంచి.

ఒక్క మెలి. మొత్తం ఒక్కటిగా ఊడి వచ్చింది. బొటనవేలితో మొదట్లో తడిమి చూశాను. నున్నగా ఉంది. మూడు రోజులకే వచ్చింది ఈ పిల్లకు. ఈసారి కుళ్లు పుట్టలేదు. కొంచెం పుట్టింది.

సెప్టెంబర్ 17, ఆదివారం

కంపెనీ వాళ్లు కొత్త కాగితం పంపారు. అఫ్రీన్‌తో కలిపి ఇరవై మూడు పేర్లు. పక్కన అదే గడి, 'పని రకం'. పటేలు పెన్ను నా చేతికి ఇచ్చి పాత మాటే అనబోయి ఆగాడు. "ఏమన్న రాసుకో తియ్యి, ఎవడు సదువుతడు" అన్నాడు.

గట్టు మీద కూర్చుని రాశాను. మల్లీశ్వరి పక్కన 'పని తెలిసిన మనిషి'. అఫ్రీన్ పక్కన 'పని తెలిసిన మనిషి'. ఇరవై రెండు సార్లు రాశాను, గుండ్రంగా. చివర నా పేరు మిగిలింది. పెన్ను ఆగిపోయింది. తెలియని మనిషిని అని ఒకసారి రాసుకున్నదాన్ని, తెలిసి తప్పు నేర్పినదాన్ని, నన్ను ఏమని రాసుకోవాలి? ఖాళీగా వదిలి కాగితం మడవబోయాను.

అఫ్రీన్ నా చేతిలోంచి కాగితం గుంజుకుంది, పెన్ను కూడా. మోకాలి మీద పెట్టుకుని, నాలుక బయటపెట్టి, గడి పట్టకపోతే పక్క జాగాలోకి కూడా పోయి ఏదో రాసింది.

"ఏం రాసినవే? సదువు" అంది మల్లీశ్వరి. ఆరు రోజుల తర్వాత మా ఇద్దరి మధ్యకు ఆమె గొంతు వచ్చింది.

అఫ్రీన్ గొంతు సవరించుకుని బడి పిల్లలా చదివింది. "పని మంచిగ వచ్చు. నేర్పుడు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటాంది."

మల్లీశ్వరి ఎంత నవ్వింది అంటే, గట్టు మీది టిఫిన్ డబ్బా దొర్లి చేలో పడింది. నా కళ్లలో నీళ్లు వచ్చాయి. నవ్వుకో, దేనికో. కొట్టేద్దామని పెన్ను అడిగి తీసుకున్నాను, మూత పెట్టి పటేలుకు ఇచ్చేశాను.

రెండు దాటింది. అందరం వరుసల్లోకి దిగాం. నా పక్క సాలులో పచ్చ దారం.